ఇరవై నాలుగు తెల్ల డబ్బాలు

రిటైరైన వాళ్ళం నలుగురం కలిస్తే సర్వీసులో చేసిన ఘనకార్యాలు చెప్పుకుంటాం. నాకూ అలాంటివి నాలుగైదున్నాయి, అడక్కపోయినా చెబుతుంటాను. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇందులో నేను మనసు పెట్టి చేసిన పని ఒక్కటే: పక్క కుర్చీలో మనిషిని చూసి కుళ్ళుకోవడం. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఫైలు రాయడం నేర్పేవాళ్ళు దొరుకుతారు. పక్క కుర్చీలో మనిషి మీకంటే మంచివాడైతే ఎలా భరించాలో ఎవరూ నేర్పరు. నాకైతే ఈ వయసు వచ్చినా రాలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైల మాట. మాది తాడేపల్లిగూడెం, మా నాన్నది కిరాణా కొట్టు. తక్కెడ పట్టుకోవడం ఇష్టం లేక ఏలూరులో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ గుమస్తాగా చేరాను. నేను చేరిన రోజే ఇంకొకతను చేరాడు. అతనిది పెదపాడు వైపు ఊరు, వాళ్ళ నాన్న మిషను బడిలో మేస్టారు. ఇద్దరికీ ఒకే బల్ల, ఒకటే సిరాబుడ్డి. హెడ్ గుమస్తాగారు మొదటి రోజే మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పారు:

"చూడండి బాబూ, సంక్రాంతి వెళ్ళాక ఒక్క పోస్టు పర్మనెంటు అవుతుంది. ఒక్కటే. రెండోవారు ఇంటికి వెళ్ళాల్సిందే. ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు."

ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అతను మాత్రం హాయిగా ఉన్నాడు. అతని దస్తూరీ ముత్యాల్లా ఉండేది, నాది కోడి కెలికినట్టుండేది. ఆఫీసెదురుగా కాఫీ హోటల్లో నేను పావుగంట కూర్చున్నా పలకరించని సర్వరు అతను గుమ్మంలో కాలు పెట్టగానే "రండి రండి" అనేవాడు. బంట్రోతు నాకు మంచినీళ్ళు గ్లాసుతో తెచ్చేవాడు, అతనికి గ్లాసు కడిగి తెచ్చేవాడు. ఇవి చిన్న విషయాలని మీకు అనిపిస్తుంది. నాకు ఆ ఏడాదంతా ఇవే పెద్ద విషయాలు. పోనీ గర్విష్ఠి అయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నా ఫైల్లో తప్పు కనబడితే ఎవరూ చూడకుండా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి నా వైపు జరిపేవాడు. ఆ చుక్క చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

శ్రావణం వెళ్ళేసరికి మాకు లంకల పని పడింది. కొల్లేటి మధ్య ఉన్న లంక గ్రామాలకు ఆశ్వయుజ కార్తీకాల్లో తుఫాను వచ్చిందంటే వారం పదిరోజులు బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో చేరతాయి. గాలి ఉన్నన్నాళ్ళు పడవలు కదలవు. అందుకని ముందే బియ్యం, ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టెలు, క్వినైను బిళ్ళలు లంకల్లో నిలవ పెట్టించాలని ఆఫీసరుగారు తలపెట్టారు. ఎదురుబొదురుగా ఉన్న రెండు లంకలు మా ఇద్దరికీ చెరొకటి అప్పగించారు. ఒక లంక నుంచి మరో లంకకు దోనె మీద గెడ వేసుకుంటూ వెళితే గంట ప్రయాణం. దోనె అంటే తాటి మొద్దు తొలిచి చేసే సన్నపాటి పడవ.

"ఎవరు బాగా చేస్తారో చూస్తాను," అన్నారు ఆఫీసరుగారు. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. పర్మనెంటు పోస్టు ఎవరిదో ఈ లంకల్లో తేలిపోతుంది.

బియ్యం తడవకుండా ఉండాలంటే రేకు డబ్బాల్లో పోసి మూతలకు తగరం కరిగించి మాటు వేయించాలని నాకు ఆలోచన తట్టింది. ఖాళీ కిరసనాయిలు డబ్బాలకు మాట్లు వేసే సాయిబు ఒకాయన ఏలూరు బజార్లో ఉండేవాడు. పొద్దున్నే వెళ్ళాను. ఆయన దగ్గర ఇరవై నాలుగు డబ్బాలున్నాయి. నా లంకకు పన్నెండు చాలు. మిగతా పన్నెండు అతను అడుగుతాడని కూడా నాకు తెలుసు, ఎందుకంటే ముందు రోజు సాయంత్రం ఈ డబ్బాల ఆలోచన నోరు జారి అతనితో నేనే చెప్పాను. ఇరవై నాలుగూ నాకే కావాలన్నాను.

మధ్యాహ్నం అతను బజారుకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"డబ్బాలన్నీ మీరే తీసుకున్నారటగదండీ?" అన్నాడు.

"పెద్ద లంకండి నాది," అన్నాను. నిజానికి రెండు లంకలూ ఒక్కటే, చెరో నలభై ఇళ్ళు.

"పోన్లెండి. ఎక్కడో ఒకచోట పనికొస్తాయి గదా," అని కుర్చీలో కూర్చుని పని చూసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

సాయిబు డబ్బాలను బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాడు. నేను ఒక్కో డబ్బాలో తల పెట్టి వాసన చూశాను, ఏమీ లేదు. నా వంతు బియ్యాన్నే ఇరవై నాలుగింటిలోనూ సర్ది పోయించి మాట్లు వేయించాను. తెల్ల రంగు కొట్టించి, నల్ల రంగుతో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు స్వయంగా వేశాను. కోడి కెలికిన దస్తూరీ అన్నాను కదా, ఆ అంకెలు మాత్రం ఎంత జాగ్రత్తగా వేశానో చెప్పలేను.

లంకకు డబ్బాలు దింపిన రోజు అక్కడ అందరికీ పెద్దదిక్కైన ఒక ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆవిడ మాటంటే ఆ నలభై ఇళ్ళకూ గురి.

"బాగున్నాయి బాబుగారూ, పెళ్ళివారి సామానులాగున్నాయి. ఎక్కడ పెట్టిస్తారండి?"

"బడిలో, బల్లల మీద."

"మేం తుపాను దోనెలో పెడతామండి ఏటా. మీరూ అలాగే పెట్టించండి."

అప్పుడు తెలిసింది నాకు వాళ్ళ పద్ధతి. దసరా రాగానే పాత దోనె ఒకటి గుగ్గిలం పూసి ఇంటి ముందు వాకిట్లోకి లాక్కొస్తారు. దాన్ని ఇంటి స్తంభానికి పొడుగాటి మోకుతో కడతారు. కొత్త కుండల్లో బియ్యం పోసి, మూతికి గుడ్డ కట్టి, పేడమట్టితో మెత్తి, ఆ దోనెలో సర్ది తాటాకు చాపలు కప్పుతారు. కార్తీకం వెళ్ళేదాకా ఆ దోనెను చేపల వేటకు కూడా ఎవరూ కదిలించరు. నీళ్ళు వాకిట్లోకి వచ్చాయంటే దోనె దానంతటదే పైకి లేస్తుంది, ఎంత నీరొస్తే అంత ఎత్తుకు.

మంచి పద్ధతేనని వినగానే అనిపించింది. ఒప్పుకునేవాణ్ణే. ఇంతలో ఆవిడ, "ఎదర లంకలో ఆ బాబుగారు వచ్చిన రోజే అడిగారండి, మీరేటా ఏం చేస్తారమ్మా అని. కుండలు కొనిపించి దోనెల్లోనే పెట్టించారంట," అంది. అంతే, నా మనసు తలుపులు మూసుకుంది. అతను చేసిన పని నేను చేయడమా!

"ఈ ఏడు మీకా శ్రమ అక్కర్లేదు. సర్కారు బియ్యం ఉన్నాయి గదా. దోనెలు వేటకు తీసుకుపోండి," అన్నాను. వాళ్ళు నమ్మారు. ఆ ఏడు నా లంకలో ఒక్క ఇంటి ముందూ తుఫాను దోనె కట్టలేదు. ఉన్న గింజలు వండుకు తిన్నారు.

దీపావళికి ముందు ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు. మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ముందు నా లంకకు వెళ్ళారు. బడిలో తెల్లగా, వరసగా నిలబడిన ఇరవై నాలుగు డబ్బాలను చూసి ఆగిపోయారు. ఒక డబ్బాను వేలితో కొట్టి చూశారు. తనిఖీ పుస్తకంలో నా గురించి నాలుగు వాక్యాలు రాశారు. ఆ నాలుగూ నాకు ఇప్పటికీ కంఠస్థమే.

తర్వాత అతని లంక. ఒక ఇంటి ముందు దోనె, దోనె కింద కుక్క, దోనెలో చాప మీద పొదుగుతున్న కోడి.

"ఇదేమిటయ్యా? సర్కారు బియ్యం కోడి కిందా?" అన్నారు ఆఫీసరుగారు.

"కోడిని దింపించేస్తానండి. దోనె మాత్రం ఇక్కడే ఉండాలండి," అన్నాడతను.

ఆఫీసరుగారు ముఖం చిట్లించుకుని పుస్తకంలో ఏదో రాశారు. నేను చంకలు గుద్దుకున్నంత పని చేశాను. తిరుగు పడవలో ఏలూరు చేరేదాకా నా ముఖాన నవ్వు ఆగలేదు. అతను చూసి, "ఏవిటండీ, చాలా సంతోషంగా ఉన్నారు?" అని తనూ నవ్వాడు.

కార్తీకం మొదట్లో తుఫాను వస్తోందని తంతి వచ్చింది. ఎవరి లంకకు వాళ్ళం అదే రోజు వెళ్ళిపోయాం. మర్నాడు తెల్లవారుతూనే గాలి మొదలైంది. ఇళ్ళ మీది తాటాకు లేచిపోయింది. ఉన్నవాళ్ళమంతా బడిలోకి చేరాం. రెండో రోజుకు గాలి తగ్గింది గాని నీళ్ళు పెరిగాయి. బడి మెట్లు మునిగి, లోపల మోకాలి లోతు వచ్చింది. బల్లల మీద నా డబ్బాలు చెక్కు చెదరలేదు. నిజం చెప్పొద్దూ, నీళ్ళు పెరుగుతుంటే నాకు సంతోషం వేసింది. అతని కుండలు ఈపాటికి కొల్లేట్లో ఉంటాయనుకున్నాను. చుట్టూ పిల్లాపాపలతో జనం బల్లలెక్కి వణుకుతుంటే నేను ఆలోచించింది అది.

మధ్యాహ్నం ఉలి పెట్టి మొదటి డబ్బా మూత లేపాను. గుప్పున వచ్చింది వాసన.

రెండు నెలలు గాలి ఆడకుండా మూసి, ఉక్కకు వేడెక్కిన డబ్బాలో, రేకు అంచుల మడతల్లో ఎక్కడో మిగిలిన కిరసనాయిలు మొత్తం బియ్యానికి పట్టేసింది. ముసలమ్మ గుప్పెడు బియ్యం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీపం వాసనండి బాబుగారూ."

"కడిగి వండించండి. పోతుంది," అన్నాను.

మూడుసార్లు కడిగి వండారు. వేడి తగిలాక వాసన ఇంకా పెరిగింది. ముసలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. పక్కన ఒక బాలింత ఆకలికి ఆగలేక నాలుగు ముద్దలు మింగింది, మరుక్షణం అంతా కక్కేసింది. రెండో డబ్బా తెరిచాను, మూడోది తెరిచాను. ఇరవై నాలుగూ తెరిచాను. నేను కిరాణా కొట్టువాడి కొడుకుని. కిరసనాయిలు కొలిచిన చేత్తో బియ్యం బస్తా ముట్టుకున్నానని చిన్నప్పుడు మా నాన్న నా వీపు చిట్లగొట్టాడు. మా కొట్లో కిరసనాయిలు పీపా ఒక మూల, బియ్యం ఇంకో మూల ఉండేవి. ఇంత తెలిసినవాణ్ణి, ఆ రోజు బజార్లో అతనికి డబ్బాలు దక్కకూడదన్నదొక్కటే గుర్తుంది, ఇదేదీ గుర్తు రాలేదు.

నలభై ఇళ్ళ జనం ఒకటిన్నర రోజు తడి కట్టెల మీద సగం కాలిన చేపముక్కలతో గడిపారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లలు ఏడుస్తుంటే తల్లులు నా వైపు చూడకుండా అటు తిరిగి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు సాయంత్రం ఎండ కాస్త కనబడగానే ఎదురు లంక నుంచి రెండు దోనెలు వచ్చాయి. మొదటి దోనెలో అతనే, తడిసిన పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని గెడ వేస్తున్నాడు. లోపల పేడమట్టి మెత్తిన కుండలు పొడిగా ఉన్నాయి. ఈ లంక మీద వంటపొయ్యిల పొగ సరిగ్గా లేవడం లేదని అతని లంకవాళ్ళు చెబితే బయల్దేరాడట.

బడిలోకి వచ్చి గుమ్మంలో ఆగాడు. వాసన తగిలింది. తెరిచిన డబ్బాల వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇప్పుడంటాడు, ఏమంటాడో అని నేను కాసుకుని నిలబడ్డాను.

"ఏవండీ, మీరేమైనా తిన్నారా?" అన్నాడు.

ఆ సాయంత్రం అతని బియ్యంతో వండిన అన్నం అందరితో పాటు నేనూ తిన్నాను. అంత రుచిగల అన్నం నా జన్మలో తినలేదు, అంత కష్టంగా మింగిందీ లేదు. తన సరుకులో సగం మాకిచ్చేసి చీకటి పడకుండా వెళ్ళిపోయాడు. దాంతో అతని లంకలో చివరి రెండు రోజులు గంజి మీద గడిచింది.

నీళ్ళు తీశాక నా బియ్యాన్ని ఒక్కో డబ్బా మోసుకెళ్ళి కొల్లేట్లో గుమ్మరించాను. ముసలమ్మ గట్టున నిలబడి చూస్తూ ఉంది. అంతా అయ్యాక, "డబ్బాలు మాకు ఒదిలేయండి బాబుగారూ, దేనికో దానికి వస్తాయి," అంది. ఇచ్చేశాను.

ఏలూరులో ఇద్దరం రిపోర్టులు రాశాం. నాది రాసే ముందు అతని కాగితం దొంగచాటుగా చూశాను. 'రెండు లంకల సరుకు కలిపి రెండు లంకలకు పంచడమైనది' అని రాశాడు. అంతే. కిరసనాయిలు మాట లేదు. నేనూ అదే వాక్యం ఎత్తి రాసుకున్నాను.

ఆఫీసరుగారు ఇద్దరినీ పిలిచారు. ముందు అతన్ని అడిగారు.

"మీ లంకలో చివర రెండు రోజులు గంజి పోశారట. సరుకు చాల్లేదేం?"

"అంచనా తప్పిందండి," అన్నాడతను.

ఆయన నా వైపు తిరిగారు. "మీ డబ్బాలు ఎలా నిలబడ్డాయి? నీళ్ళు దిగాయా?"

చెప్పాల్సిన క్షణం అదే. నాకు తెలుసు. అతను నా పక్కనే నిలబడి ఉన్నాడు, అతనికీ తెలుసు.

"చుక్క నీరు దిగలేదండి," అన్నాను.

అందులో అబద్ధం లేదు. అతను ఒక్కసారి నా ముఖంలోకి చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆఫీసరుగారు తల ఊపి తనిఖీ పుస్తకం తెరిచారు. సంక్రాంతి వెళ్ళాక పర్మనెంటు ఆర్డరు నా పేరున వచ్చింది.

అతను వెళ్ళిపోయే రోజు కాలవ గట్టుదాకా నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ట్రంకు పెట్టె పడవలోకి అందించి అడిగేశాను:

"మీరెందుకు చెప్పలేదండీ?"

"మీరే చెబుతారేమోనని చూశానండి," అన్నాడు. పెట్టెను పడవలో సర్దుకుని, "మీరు చెప్పలేదు గదా. ఇంక నేను చెబితే ఏం బాగుంటుందండి?" అన్నాడు. కోపం లేదు. ఎక్కడా లేదు, వెతికాను.

నా లంకలోనే, ఆ బడిలోనే మేస్టారుగా చేరాడని తర్వాత తెలిసింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఆ లంక ఎదురైనప్పుడల్లా ఇంకొకరిని పంపించి తప్పించుకున్నాను. రిటైరయ్యే ఏడు మాత్రం తప్పలేదు. మళ్ళీ తుఫాను నెలలే, మళ్ళీ అదే పని. అతను రెండేళ్ళ క్రితమే పోయాడని పడవలోనే చెప్పారు. మనసు తేలికైంది, దాచడం దేనికి.

బడి ముందు, అతను ఏటా కట్టించిన చోటే, తుఫాను దోనె కట్టి ఉంది, కుండలు, చాపలు అన్నీ మామూలే. ఆ ముసలమ్మ ఎప్పుడో పోయింది. ఆవిడ మనవరాలు నన్ను తమ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఎప్పుడైనా ఇటు వచ్చారా అని అడిగింది. చాలా ఏళ్ళ క్రితం ఇక్కడ డబ్బాలతో బియ్యం నిలవ పెట్టానన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"డబ్బాల బాబుగారు మీరేనాండీ! మా మేస్టారు ఏటా చెప్పేవారండి మీ గురించి. దోనె కట్టిన రోజున పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పేవారు. తుపాన్లో చుక్క నీరు దిగకుండా బియ్యం దాచిన మనిషి ఒకాయన ఉన్నారని."

"ఆ బియ్యం ఏమయ్యాయో చెప్పారా?" అన్నాను ఎలాగో.

"అడిగేవాళ్ళమండి. అందరం కలిసి తిన్నాంరా అనేవారు."

ఇంట్లోంచి ఎవరో దీపం వేళైందన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి లాంతరు, డబ్బా పట్టుకొచ్చింది. తెల్ల రంగు సగం ఊడిపోయింది గాని ఏడో నంబరు ఇంకా కనబడుతోంది. అందులోంచి కిరసనాయిలు లాంతర్లోకి ఒంపుతూ, "బాబుగారి చేతి అంకెలేనంటండి ఇవి," అని నవ్వింది.

ఆ క్షణాన నాకు సిగ్గేసిందని, ఏడుపొచ్చిందని రాస్తే మీరు మెచ్చుకుంటారు. ఉన్నది రాయడానికి కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. పోయిన తర్వాత కూడా నన్ను మించిపోయాడని కడుపు మండింది. వచ్చిన పెద్దమనిషినని దోనెలో కుండ ఒకటి విప్పించి, భోజనం చేసి వెళ్ళమంది ఆవిడ. కాదనలేక కూర్చున్నాను, మళ్ళీ అతని దోనెలోని బియ్యమే తిన్నాను.